మా ఊరు స్పెయిన్‌గా ఉన్న రోజులు

మా ఊరు స్పెయిన్ అయిన సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ఊళ్లో ఏ సంగతైనా నాకు ఆలస్యంగానే తెలుస్తుంది. ఎవరైనా చెప్పాలి, లేదా నేను అడగాలి. నేను అడగను. ఇంట్లో నా భార్య మాలకొండమ్మ చెబుతుంది, నేను వింటాను, లేదా విన్నట్టు కూర్చుంటాను. ఆ రోజు ఆమె పొదిలి సంతకు పోయింది. అందువల్ల నేను సాయంత్రం దాకా మామూలు మనిషిగానే తిరిగి, దీపాలు పెట్టే వేళకు స్పెయిన్ దేశస్థుణ్ణయ్యాను.

ఆమె కోపంగా వచ్చింది. బస్సు దిగిన చోట ఒక బల్ల, గొడుగు, గొడుగు కింద ఒక గుమాస్తా కనిపించారట. సంచిలోని వంకాయలు బయటికి తీయించి, ఇవి విదేశీ కూరగాయలమ్మా, పరిశీలించాలి అన్నాడట. మన పక్కూరి వంకాయలు విదేశీవి ఎట్లా అయ్యాయని ఆమె అడిగింది. వంకాయలు మారలేదమ్మా, మీ ఊరు మారింది అని అతను మర్యాదగానే చెప్పాడట.

నేను చదివింది మూడో తరగతి. పని చేసింది పలకల గనిలో. నాకు అర్థమైనంత వరకు జరిగింది ఇదీ. రాజధానిలో విదేశీ భాషల శిక్షణా సంస్థ ఒకటుంది. నర్సులకు స్పానిష్ నేర్పి ఆ దేశానికి పంపుతుంది, వాళ్లు అక్కడి ముసలివాళ్లను చూసుకుంటారు. చదువు చివర్లో ఆ దేశం పోయి, అక్కడి ఒక కుటుంబంతో వాళ్లింట్లోనే కొన్నాళ్లు ఉండాలి. అలా ఉంటే భాష ఒంటబడుతుందట. ఆ ఏడు విదేశీ ప్రయాణాలు ఆపమని పైనుంచి పొదుపు ఉత్తర్వు వచ్చింది. సంస్థవాళ్లు ఉత్తర్వును పైకీ కిందికీ చదివారు. అందులో ప్రయాణం ఆపమని ఉంది గానీ విదేశంలో ఉండడం ఆపమని లేదు. నర్సులు విదేశానికి పోకూడదు, విదేశంలో ఉండాలి. కాబట్టి విదేశాన్నే ఇక్కడికి తేవాలని తీర్మానం చేశారు.

మా నల్లరాళ్లపాలెం ఎందుకు దొరికిందంటే, సర్వే చేసినవాళ్లు మే నెలలో వచ్చారు. ఎటు చూసినా రాళ్లు, ఎండ. మధ్యాహ్నం ఊరంతా పడుకుని ఉంది. స్పెయిన్‌లోనూ ఇంతేనని వాళ్ల దగ్గర ఒక ఫోటో ఉంది.

మరునాడు పంచాయతీ ఆఫీసు ముందు సభ పెట్టారు. ప్రత్యేకాధికారి పరాంకుశం గారు మాట్లాడారు. ఆయన మామూలు మాట కూడా ఉత్తర్వులాగే పలుకుతారు. సదరు గ్రామాన్ని ఇందుమూలంగా స్పెయిన్ దేశంగా పరిగణించడమైనదనీ, ఎంపికైన ఇళ్లను ఆతిథ్య కుటుంబాలుగా గుర్తించడం జరుగుతుందనీ, పద్ధతి పేరు నిమజ్జన పద్ధతి అనీ చెప్పారు. మాకు తెలిసింది వినాయకుడి నిమజ్జనమే. అందులో మునిగింది తిరిగి రాదు. జనం కాస్త బెదిరారు.

సర్పంచి వెంగళరెడ్డి లేచి, "అయ్యా, మాకా బాస రాదు గదా" అన్నాడు.

"రావలసిన అవసరం లేదు" అన్నారు పరాంకుశం గారు. "తెలుగు వినపడకుండా ఉంటే చాలు. గిన్నెలో మజ్జిగ పారబోస్తే గదా పాలు పోసేది. తెలుగు ఖాళీ అయిన చోటికి స్పానిష్ తనంతట తాను చేరుతుంది. ఇది శాస్త్రం."

శాస్త్రం మా ఊరికి పెద్దగా పట్టలేదు. కానీ విదేశంలో అతిథులు మా బావుల ఉప్పునీళ్లు తాగకూడదట, అందుకని రోజూ తియ్యనీళ్ల ట్యాంకరు వస్తుందని చెప్పారు. ఏ ఆతిథ్య ఇంట్లోనైనా అధికారి చెవిన ఒక్క తెలుగు మాట పడితే ఆ మరునాటి నుంచి ట్యాంకరు ఆగుతుంది. చెయ్యెత్తమన్నారు. ఊరంతా ఎత్తింది. నేనూ ఎత్తాను.

తర్వాత, ఈ ఊళ్లో అందరికన్నా తక్కువ మాట్లాడే మనిషి ఎవరని అడిగారు. సభ మొత్తం నా వైపు తిరిగింది. నా జన్మలో నన్ను అంతమంది ఒకేసారి చూడడం అదే మొదలు.

మాలకొండమ్మ కొంగు నడుముకు దోపుకుని లేచింది. "అయ్యా, ఈ మనిషి ఇంట్లో ఉండాడో లేడో తెలుసుకోవాలంటే నేను చుట్ట వాసన చూసుకోవాల. మీకు సరిపోతాడు. పట్టుకోని పోండి" అంది.

జనం నవ్వారు. పరాంకుశం గారు నవ్వలేదు. మా ఇంటిని మొదటి ఆతిథ్య కుటుంబంగా నమోదు చేయించారు. ఆమె మాటల సంగతి ఏం చేయాలో మాత్రం ఆయనకు ఆ రోజే తోచలేదు.

మా ఇంటికి వచ్చిన నర్సు పేరు హేమసుధ. కాకినాడ వైపు పిల్ల. పిల్ల అంటున్నాను గానీ ముప్పై దాటినట్టుంది. ఆ దేశం పోయేందుకు వయసు హద్దు ఉందట, ఆమెకు ఇదే ఆఖరి అవకాశమట. ఇదంతా తర్వాత తెలిసింది. వచ్చిన రోజు మేం ముగ్గురం వరండాలో కూర్చుని ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆమెకు దాహమైంది. గ్లాసు చూపించింది. మాలకొండమ్మ నీళ్లిచ్చింది. ఎవరమ్మాయివి, పెళ్లయిందా, అమ్మానాన్నా ఉన్నారా, ఈ మాటలు ఆమె గొంతు దాకా వచ్చి ఆగడం నాకు కనిపించింది. మింగింది. మాత్ర మింగినట్టు మెడ ముందుకు చాచి మింగింది.

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పంచాయతీ మైకులో స్పానిష్ వేసేవాళ్లు. ఒక ఆడమనిషి ఏదో అనేది, మగమనిషి బదులు చెప్పేవాడు. పోట్లాడుకుంటున్నారో పొగుడుకుంటున్నారో మాకు ఆఖరి దాకా తెలియలేదు. మేకలు అలవాటు పడ్డాయి.

నిజం చెప్పాలంటే మొదట్లో నాకు సుఖంగానే ఉంది. కాపురం మొదలైనప్పటి నుంచీ నేను తిండి తింటుంటే చెవిలో ఊరి సంగతులు పడేవి. పక్కింటి పోలేరమ్మ గేదె ఎంత పాలిచ్చింది, ఆమె కోడలు ఏం వండింది, ఎవరి పెళ్లిలో ఎవరిని పిలవలేదు. ఇప్పుడు అన్నం నమిలే చప్పుడు నాకే వినిపించింది. ఏ దేవుడికి మొక్కినా దొరకని వరం గవర్నమెంటు ఇంటికి తెచ్చి ఇచ్చిందనుకున్నాను. కాళ్లు చాపుకుని చుట్ట కాల్చుకున్నాను.

ఊళ్లో ఆడవాళ్లు మాత్రం దారి వెతుక్కున్నారు. ఊరి సరిహద్దు రాయి దాటితే స్పెయిన్ కాదు. రాయికి అవతల ఒక కంది చేను ఉంది. ఇంట్లో ఎవరికైనా మాట తోస్తే కొంగు బిగించి, రాయి వైపు వేలు చూపించేవాళ్లు. అవతలి మనిషి తలూపేది. ఇద్దరూ పనులు ముగించుకుని, పక్కపక్కనే నడిచి, రాయి దాటి, అక్కడ తగువు పెట్టుకునేవాళ్లు. అయిపోయాక మళ్లీ పక్కపక్కనే నడిచి వచ్చేవాళ్లు. అత్తాకోడళ్లు పోయేవాళ్లు, తోడికోడళ్లు పోయేవాళ్లు. మగవాళ్లు అప్పుడప్పుడు పరుగెత్తుకుంటూ పోయి నాలుగు తిట్లు తిట్టి వచ్చేవాళ్లు. చేను గలవాడు కంది తొక్కేస్తున్నారని ఏడ్చాడు. అతను కూడా రాయి దాటాకే ఏడ్చాడు.

మాలకొండమ్మ రోజూ పోయేది. హేమసుధను కూడా తీసుకుపోయేది. ఇద్దరూ తిరిగి వచ్చేసరికి మొహాలు కడుక్కున్నట్టు తేటగా ఉండేవి.

అప్పుడు నాకు సన్మానం చేశారు.

మా ఇంటికి తనిఖీకి ఎప్పుడు వచ్చినా తెలుగు శూన్యం. మిగతా ఇళ్లలో ఎవరో ఒకరు నిద్రలో కలవరిస్తూనో, వేలు తెగితే అమ్మా అనో దొరికిపోయేవాళ్లు. వాళ్లకు ఒక్కసారికి క్షమాపణ పత్రం రాయించి వదిలేవాళ్లు. నేను వేలు తెగినా అరవను. గనిలో పలక కాలి మీద పడి గోరు ఊడినప్పుడు కూడా మేస్త్రీ చూసి చెబితేనే అందరికీ తెలిసింది. అందుకని స్టేజీ మీద కుర్చీ వేసి, శాలువా కప్పి, ఉత్తమ ఆతిథ్య కుటుంబ పెద్ద అని సర్టిఫికెట్ ఇచ్చారు. ఈ ఇంట నెలకొన్న నిశ్శబ్దం దేశానికే ఆదర్శప్రాయమని పరాంకుశం గారు అన్నారు. చెయ్యని పనికి సన్మానం ఎంత హాయిగా ఉంటుందో ఆ రోజు తెలిసింది. ఫోటో తీస్తుంటే నవ్వాను. మా పెళ్లి ఫోటోలో కూడా నేను నవ్వలేదు.

ఆ మరునాటి నుంచి మాలకొండమ్మ రాయి దగ్గరికి పోవడం మానేసింది.

నేను పట్టించుకోలేదు. మోకాళ్ల నొప్పి అనుకున్నాను. ఈలోగా కంది చేను సంగతి పరాంకుశం గారికి తెలిసింది. దేశంలోని భాషాశూన్యత సరిహద్దు గుండా కారిపోతున్నదని ఆయన కంగారు పడి, రాయి దగ్గర కూడా ఒక బల్ల, గొడుగు వేయించారు. మాట్లాడుకోవడానికి దేశం దాటేవాళ్లు ముందుగా పర్మిట్టు తీసుకోవాలి. ఏ విషయం మాట్లాడతారు, ఎవరిని ఉద్దేశించి, తిట్లు ఉంటాయా ఉండవా, అన్నీ రాసివ్వాలి. దరఖాస్తు స్పానిష్‌లో ఉండాలి. ఇక ఎవరూ పోలేదు. ఊరంతా మా ఇల్లులాగా అయింది.

ఊరు అలా అయ్యాక నాకు ఇబ్బంది మొదలైంది. ఊళ్లో ఎవరు బతికి ఉన్నారో తెలియడం లేదు. పక్కింటి పెరట్లో గేదె కట్టే గుంజ ఖాళీగా కనిపించింది, ఎందుకో తెలియదు. ఇదివరకు బంధువులొచ్చి నా ఒంట్లో ఎట్లా ఉందని అడిగితే బదులు మాలకొండమ్మే చెప్పేది. నాకు ఆకలవుతున్నదో లేదో, చలేస్తున్నదో లేదో కూడా ఆమే చెప్పేది. ఇన్నాళ్లూ నేను మాట్లాడనివాణ్ణని అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. నేను మాట్లాడుతూనే ఉన్నాను, ఆమె నోటితో.

ఇప్పుడామె కంచం పెడుతుంది, వెళ్లిపోతుంది. హేమసుధ ఆమె చెయ్యి పట్టుకుని నాడి చూసింది. జ్వరం లేదని తల అడ్డంగా ఊపింది.

నేను పరాంకుశం గారి దగ్గరికి పోయి రాయి వైపు వేలు చూపించాను. ఆయన వెంటనే పర్మిట్టు రాసిచ్చారు. మీరు సరిహద్దు దాటినా భాషకు ప్రమాదం లేదు అన్నారు. మాలకొండమ్మనూ హేమసుధనూ వెంటబెట్టుకుని కంది చేను దాకా పోయాను. గట్టు మీద కూర్చున్నాం. ఇక మాట్లాడు అన్నట్టు ఆమె వైపు చూశాను. ఆమె కొండ వైపు చూసింది. కాసేపటికి లేచి, గట్టు పక్కన గురుగాకు కనిపిస్తే కూరకు కోసుకోవడానికి పోయింది.

హేమసుధ నా పక్కకు జరిగింది. "బాబాయిగారండీ, రోజూ పిన్నిగారు ఇక్కడికొచ్చి ఎవరి గురించి మాట్లాడేవారో తెలుసాండి? మీ గురించేనండి. ఇంట్లో అనలేనివన్నీ ఇక్కడ అనేవారు. ఆయన వినకపోయినా పక్కన కూర్చుంటాడమ్మా, నాకదే చాలు అనేవారు. ఆ సన్మానంలో ఫోటో తీస్తుంటే మీరు నవ్వారు కదండి. అది చూసి ఆ సాయంత్రం ఇక్కడ ఏమన్నారో చెప్పమంటారా?"

నేను చెప్పమనలేదు. ఆమె చెప్పింది.

"నేను నోరు మూసుకుంటే ఈయనకింత సుఖమా అన్నారండి. అదే ఆఖరి మాట."

నాకు ఏదైనా అనాలనిపించింది. అలవాటు లేని పని. నువ్వైనా ఏమన్నా నేర్చుకున్నావా అని అడిగాను ఆ పిల్లను. ఊరు స్పెయిన్ అయ్యాక నేను అన్న మొదటి మాట అది.

"అక్కడి ముసలాళ్లకి నొప్పి ఎక్కడో అడగాలి కదండి, దానికే కదా నేను నేర్చుకునేది" అంది. "ఇక్కడ నాకు రాజధాని క్లాసుల్లో వచ్చిన నాలుగు ముక్కలూ కూడా పోతున్నాయండి."

మాలకొండమ్మ ఒడి నిండా ఆకు కోసుకుని వచ్చింది. ముగ్గురం ఒక్క మాట లేకుండా స్పెయిన్‌లోకి నడిచాం.

తర్వాత పెద్ద కమిటీ వచ్చింది. కమిటీ అధ్యక్షుడు బరువైన మనిషి. వెనక నలుగురు సభ్యులు, వాళ్ల వెనక పరాంకుశం గారు. మమ్మల్ని ముగ్గుర్నీ వరండాలో కూర్చోబెట్టారు. చేసే పని ఏదైనా చేసుకుంటూ సహజంగా ఉండమన్నారు. మాలకొండమ్మ పీట వేసుకుని గురుగాకు ఒలుస్తోంది. నేను సహజంగా ఏమీ చేయకుండా కూర్చున్నాను.

పరాంకుశం గారు వివరించారు. ఈ గృహం పథకానికి మకుటాయమానమనీ, ఈ నిశ్శబ్దాన్ని కమిటీ వారు స్వయంగా చిత్తగించవచ్చుననీ అన్నారు. కమిటీ సంతృప్తి చెందినచో ఇప్పటి తాత్కాలిక ఉత్తర్వును శాశ్వత ఉత్తర్వుగా మార్చడం జరుగుతుంది, ఈ ఊరు ఇక ఎప్పటికీ స్పెయినే.

ఎప్పటికీ అన్న మాట దగ్గర నేను మాలకొండమ్మ వైపు చూశాను. ఆమె తలెత్తలేదు. ఒక ఈనె తీసింది, పక్కన పడేసింది. నేను పోయేదాకా ఆమె ఇట్లాగే కంచం పెట్టి వెళ్లిపోతుంది. నేను పోయిన రోజు కూడా ఏడవకుండా ఏడవాలి. వీధిలో ట్యాంకరు దగ్గర బిందెల చప్పుడు వినిపిస్తోంది. నీళ్లు పోతే ఊరు నన్ను రాళ్లతో కొడుతుంది. మా ఊళ్లో రాళ్లకు కొదవ లేదు.

నోరు తెరిచాను. లోపల ఏమీ లేదు. ప్రేమగా ఏదైనా అందామంటే అలాంటి మాటలు నేను ఎప్పుడూ వాడినవాణ్ణి కాదు. గోడ అవతల పోలేరమ్మ పెరట్లో ఖాళీ గుంజ కనిపించింది.

"పోలేరమ్మ గేదెను అమ్మిందంట" అన్నాను.

కమిటీ నా వైపు తిరిగింది. పరాంకుశం గారి చేతిలో కాగితాలు జారాయి. మాలకొండమ్మ చెయ్యి ఆకు మీద ఆగింది.

నేను ఇంకొంచెం పోగు చేసుకున్నాను. "దర్శి బేరగాడు కొన్నాడంట. ముసలి గేదె గదా, ఇంకేం పాలిస్తుంది."

మాలకొండమ్మ తలెత్తింది.

"ఎవురు చెప్పినారు నీకు?"

గొంతు బొంగురుపోయి ఉంది. ఒకసారి దగ్గింది.

"ముసలిదా? నిరుడు తొలిసూరు ఈనిన గేదెను పట్టుకోని ముసలిదంటావా? అసలు అమ్మేదానికి అది పోలేరమ్మదా? కోడలు పుట్టింటి నుంచి తోలుకొచ్చుకున్న గేదె అది. దర్శీ కాదు, బేరగాడూ కాదు. కోడలు చారు నీళ్లగా కాసిందని అత్త మూతి తిప్పింది. తిప్పితే ఏముంది, ఆ పిల్లా నాలుగు మాటలు అనుంటే ఆ పొద్దే తేలిపోయే తగువు. అనేదానికి లేదాయె. రాయి దాటి అనుకుందామంటే పర్మిట్టాయె. ఇద్దురూ లోపల్లోపలే ఉడికి ఉడికి, ఆ పిల్ల పలుపు విప్పి గేదెను తోలుకోని పొదిలి దోవ పట్టింది. కంటి ముందర జరిగితే చూడకుండా చుట్ట కాలుస్తా కూచున్నావు. ఇప్పుడొచ్చి అమ్మిందంట అంటాడు."

ఆమె ఆగలేదు. చారులో చింతపండు ఎంత వేయాలి, పోలేరమ్మ తాను కోడలిగా వచ్చినప్పుడు కాసిన చారు ఎట్లా ఉండేది, అది తాగి మామగారు ఏమన్నాడు, అన్నీ వరసగా వచ్చాయి. ఇన్నాళ్లూ ఎక్కడ దాచిందో ఒక్క ముక్క కూడా పాడవలేదు.

అధ్యక్షుడు పరాంకుశం గారిని పక్కకు పిలిచి, ఈమె మాట్లాడుతున్నది ఏ భాష అని అడిగాడు.

పరాంకుశం గారు కాగితాలు ఏరుకుంటూ ఆలోచించారు. ఆయన ఉద్యోగం, మా ట్యాంకరు, పథకం మొత్తం ఆ ఆలోచనలో ఉన్నాయి. "ఇది ఈ దేశపు స్థానికులు తరతరాలుగా ఇంట్లో మాట్లాడుకునే భాష సార్. ఉత్తర్వు ప్రకారం ఇది స్పెయిన్. కనుక..."

అధ్యక్షుడికి కనుక అన్న మాట చాలు. సభ్యులు కూడా రాసుకున్నారు. నీకు అర్థమవుతోందా అమ్మా అని హేమసుధను అడిగారు. ప్రతి మాటా అర్థమవుతోందండి అంది ఆమె. అక్కడికక్కడే ఉత్తీర్ణత ఇచ్చారు. ఈ సర్టిఫికెట్ పట్టుకుపోయి ఆ దేశంలో ముసలావిడను ఏమని పలకరించమంటారండి అని ఆమె అడిగింది. అది తమ పరిధిలోకి రాదన్నారు. ఆమె సర్టిఫికెట్ వరండాలోనే వదిలేసి పెట్టె సర్దుకుంది. కాకినాడలో ఒక టీచరమ్మ సాయంత్రాలు ఆ భాష చెబుతుందట, ఈ ఆఖరి అవకాశం పోయినా సరే, అక్కడే నేర్చుకుంటానంది.

ట్యాంకరు ఆగలేదు. మా ఊళ్లో వినపడేదంతా స్పానిష్‌గా పరిగణించడమైనదని వారంలోపే ఉత్తర్వు వచ్చింది.

కమిటీ మాత్రం ఆ రోజు కదల్లేదు. జీపు హారన్ కొడుతూనే ఉంది. అధ్యక్షుడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"మరి ఆ గేదెను సరిహద్దు దాటనిచ్చారా అమ్మా?" అని అడిగాడు.

మాలకొండమ్మ ఆయనకు అరుగు చూపించింది, కూచోండి చెబుతానంది. కూర్చున్నాడు. సభ్యులు కూడా కూర్చున్నారు. బల్ల దగ్గర గుమాస్తా గేదెకు పర్మిట్టు అడగడం, ఏం మాట్లాడుతుందో గేదెనే అడుక్కో అని కోడలు అనడం, అన్నీ చెప్పింది. చెప్పి, నా వైపు తిరిగింది.

"ఇంకేం తెలుసు నీకు?"

నేను చాలాసేపు ఆలోచించాను. సర్పంచి కొడుకు పరీక్ష పాసయ్యాడంట గదా అన్నాను.

"అదీ తప్పే" అంది. పీట నా దగ్గరికి జరుపుకుంది, ఆకు కొంత నా ఒళ్లో పోసింది, మొదలుపెట్టింది. నేను ఈనెలు తీస్తూ మూడో తప్పు కోసం వెతుక్కోసాగాను.